తేనెటీగ ముప్పు లెక్క 2003లో ఎలా మారింది

ఫ్రాన్స్‌లో ఎసిటామిప్రిడ్ గొడవ చల్లారలేదు. అక్కడ నిషేధంలో ఉన్న ఈ పురుగుమందును మినహాయింపులతో తిరిగి వాడుకోవచ్చంటూ 2025 జులైలో పార్లమెంటు చట్టం చేసింది. ఆగస్టులో రాజ్యాంగ మండలి ఆ నిబంధనను కొట్టేసింది. చక్కెర దుంప, హేజెల్‌నట్ రైతుల వాదన తెలిసిందే: ఐరోపా సమాఖ్య 2033 వరకు అనుమతించింది, పైగా ఇదే నియోనికోటినాయిడ్ కుటుంబానికి చెందిన మరో పురుగుమందు ఇమిడాక్లోప్రిడ్‌తో పోలిస్తే తేనెటీగకు దీని విషం చాలా తక్కువ.

ఆ 'తక్కువ' ఎక్కడిదో చూడాలి. ముప్పును కొలిచే పాత పద్ధతిలో హెక్టారుకు చల్లే గ్రాములను, పరీక్షలో సగం ఈగలను చంపే మోతాదుతో (మైక్రోగ్రాముల్లో) భాగించేవారు. 50 లోపు వస్తే ముప్పు తక్కువన్నట్టే. పిచికారీ మందులకు ఈ లెక్క సరిపోయింది.

ఇమిడాక్లోప్రిడ్‌ను 'గౌచో' పేరుతో విత్తనానికే పట్టించారు. అది మొక్కలోకి పాకి పుప్పొడికి, మకరందానికి చేరుతుంది. ఈగ రోజూ కొంచెం తింటుంది, గూటికీ మోసుకెళ్తుంది. ఇక హెక్టారు లెక్కతో ఏం తేలుతుంది? పొద్దుతిరుగుడు చేలకు వెళ్లిన ఈగలు తిరిగి రావడం లేదని పెంపకందారులు మొత్తుకున్నాక, 1999లో ఆ పంటపై గౌచోను ఫ్రాన్స్ ఆపింది.

అసలు మలుపు 2003. ప్రభుత్వం నియమించిన శాస్త్రవేత్తల కమిటీ పాత భాగహారాన్ని పక్కనపెట్టింది. పుప్పొడిలో, మకరందంలో మందు ఎంత ఉంది? లార్వా ఎంత తింటుంది, గూట్లో పిల్లల్ని సాకే ఈగ ఎంత, మేతకు తిరిగే ఈగ ఎంత? ఎవరి వాటా వారికి విడిగా లెక్కగట్టి, హాని చేయదనుకునే మోతాదుతో పోల్చింది. పొద్దుతిరుగుడు విషయంలో ముప్పు ఆందోళనకరమని తేల్చింది. ఈ చరిత్రలో ఇంతకన్నా నిజాయతీ గల పని నాకు కనిపించదు.

పొలం పరీక్షల్లో నష్టం కనిపించలేదని తయారీదారులు అన్నారు. కానీ ఈగలు కిలోమీటర్ల దూరం ఎగురుతాయి. కొద్దిపాటి గూళ్లతో చేసే పరీక్షలో చిన్న నష్టాలు బయటపడవు. 2012లో ఫ్రెంచి పరిశోధకులు ఈగలకు బుల్లి రేడియో ట్యాగులు అతికించి, అదే కుటుంబపు మందు థయామెథోక్సామ్‌ను చంపనంత మోతాదులో పెట్టి వదిలారు. చాలా ఈగలు గూటికి దారి తప్పాయి.

2013లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. అదే ఏడాది మూడు నియోనికోటినాయిడ్లపై ఆంక్షలు, 2018లో ఆరుబయట పూర్తి నిషేధం వచ్చాయి. మార్గదర్శకాలకు మాత్రం సభ్య దేశాల ఆమోదం దొరకలేదు. గూటి జనాభా తగ్గుదలకు వాటిలో పెట్టిన హద్దు 7 శాతం. 2021లో ఐరోపా సమాఖ్య దేశాల వ్యవసాయ మంత్రులు దాన్ని 10కి పెంచారు. ఆ అంకె ఎంత వరకు భరిస్తామన్న రాజకీయ నిర్ణయం.

ఎసిటామిప్రిడ్‌కు వచ్చిన 'తక్కువ విషం' పేరు వెంటనే చంపే మోతాదును బట్టి వచ్చిందే. ఏ పంటలో, ఏ ఈగ, ఎన్నాళ్లు, ఎంత తింటుందన్న 2003 ప్రశ్నలకు జవాబు చెప్పాకే దాని అనుమతి గురించి మాట్లాడాలి.