గోడ మీది చుక్క ఎవరి తాలూకా?

చిట్టీ, బుజ్జీ,

మీ అమ్మ పంపిన ఫోటో చూశాను. రాయగడలో వారం నుంచీ ముసురేనట కదా! పెరటి గోడ మీద నాచులో ఆవగింజంత నారింజ చుక్కలు మొలిచాయనీ, ఫోన్‌లో యాప్‌ని అడిగితే ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు చెప్పిందనీ రాశారు. "తాతయ్యా, ఏది నిజం?" అన్నారు.

పాపం, యాప్ మాత్రం ఏం చేస్తుంది! అంత చిన్న శిలీంధ్రాలను, అంటే పుట్టగొడుగుల చుట్టాలను, మొహం చూసి పోల్చుకోవడం పెద్ద పెద్దవాళ్లకే కష్టం.

నా చిన్నప్పుడు పర్లాకిమిడి సంతలో ముసలమ్మలు నా పేరు అడిగేవారు కాదు. "ఎవరి తాలూకా బాబూ నువ్వు?" అనేవారు. మా నాన్న పేరు, వీధి పేరు చెబితే చాలు, నా ముక్కు ఏ మేనత్తదో కూడా వాళ్లే చెప్పేసేవారు. నౌపడా నుంచి మా ఊరికి చిన్న రైలు ఉండేది. 1900లో రాజావారు వేయించిన లైను, పట్టాల మధ్య రెండున్నర అడుగులే. అందులో ఒక్కణ్నే ఎక్కినా, దిగేలోగా పెట్టెలో అందరికీ నేనెవరి తాలూకానో తెలిసిపోయేది. నాకు ఆ రైలంటే ప్రాణం. సరే, దాని సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

మీ చుక్కనీ అలాగే అడగాలి, నువ్వు ఏ నాచు తాలూకా అని. నాచుకి నిజమైన వేళ్లుండవు. అడుగున సన్నని పోగులుంటాయి. ఐరోపాలో గోడల నాచులో దొరికే ఆక్టోస్పోరా అనే బుల్లి బిళ్లల్లాంటి శిలీంధ్రాలు ఆ పోగులనే పట్టుకుని నాచు తిండి తింటాయి. వాటిలో చాలా రకాలకి ఏ నాచు పడితే ఆ నాచు పనికిరాదు. ఆక్టోస్పోరా మస్కి-మ్యూరాలిస్ అనే దానికి గ్రిమ్మియా అనే గోడనాచే ఇల్లు. అందుకే తెలిసినవాళ్లు ముందు నాచు పేరు రాసుకుంటారు. ఇల్లు తెలిశాకే ముక్కూ చెవులూ చూడటం. బిళ్ల అంచు ఎలా ఉంది, మైక్రోస్కోపులో సిద్ధబీజాలు (శిలీంధ్రానికి విత్తనాల్లాంటి రేణువులు) ఎలా ఉన్నాయి అని చూస్తారు. అవి కోలగా ఉంటే చాలావరకు ఆక్టోస్పోరా. గుండ్రంగా ఉండి పైన వల అల్లినట్టు గీతలుంటే దాని చుట్టం లాంప్రోస్పోరా కావచ్చు. ఎవరి గురించైనా మాట్లాడేముందు వాళ్లు ఎవరి నీడన బతుకుతున్నారో తెలుసుకోవాలర్రా, ఇదీ అంతే.

మీ చుక్క వీటిలోదేనని ఫోటో చూసి నేను చెప్పను. ముందు నాచు సంగతి తేల్చండి. మన దేశంలో తడిగోడల మీద తరచుగా కనిపించే నాచు ఒకటి హయోఫిలా. ఎండితే దాని ఆకులు లోపలికి చుట్టుకుంటాయి, నీళ్లు చల్లితే విచ్చుకుంటాయి. మీది అలా చేస్తుందా? ఇంకో మాట. సన్నని కాడల మీద లేచే గోధుమరంగు బుడిపెలు నాచువే. అవి ఇంటి పిల్లలు, బయటినుంచి వచ్చినవాళ్లు కారు.

ఇక ఆక్టోస్పోరా బిళ్లలో ఎన్నెన్నో సన్నని గొట్టాలు నిలబడి ఉంటాయి. ఒక్కో గొట్టంలో మామూలుగా 8 సిద్ధబీజాలు. అదను చూసి వాటిని గాల్లోకి చిమ్ముతుంది. కంటికి ఆనని ఆ పిసరంత ప్రాణం ఎక్కడో ఇంకో గోడ మీద సరిగ్గా తనకి కావలసిన నాచు పక్కనే వాలాలి! ఎన్ని లక్షలు వృథాగా పోతాయో, ఒక్కటి ఎలా చేరుతుందో! ఇది మాత్రం నేను వివరించలేను పిల్లలూ, తలుచుకుంటూ కూర్చుంటానంతే.

చుక్కల బదులు పుట్టగొడుగులు మొలిస్తే నోట్లో పెట్టుకోకండి. నాచులో పెరిగే గలేరినా అనే వర్గంలో మనిషి ప్రాణం తీసే విషమున్నవి ఉన్నాయి. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి.

పోస్టులో భూతద్దం పంపిస్తున్నాను. వాన తెరిపిచ్చాక పొద్దున్నే చూడండి. ఎండెక్కాక దాన్ని నాచు మీద నిలిపి ఉంచకండి, కాలిపోతుంది.

మీ తాతయ్య