కయోటీ హిల్స్ చుట్టూ నడక: అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ నుంచి డంబార్టన్ బ్రిడ్జి వైపు వెళ్తుంటే కుడిచేతి వైపు కనిపించే బోడి కొండలే కయోటీ హిల్స్. ఒక పక్క చిత్తడి నేల, ఇంకో పక్క సముద్రపు పాయ. కొన్నేళ్లుగా వారాంతాల్లో వాలంటీరుగా అక్కడికి మనవాళ్లని నడిపిస్తున్నాను. వేసవిలో అయితే బృందంలో సగం మంది ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలే ఉంటారు. అందరి భయాలూ పాముల మీద, ఊబి మీద ఉంటాయి. నేను బ్యాండేజీ తీసేది మాత్రం వేరే వాటికి.

అపోహ: "మూడున్నర మైళ్లేగా, చెప్పులు చాలు."

బేవ్యూ ట్రైల్ ఒక చుట్టు మూడున్నర మైళ్లు, అంటే ఐదున్నర కిలోమీటర్ల పైమాటే. తారు దారి కాబట్టి అంతవరకే అయితే చెప్పులతోనూ గడిచిపోతుంది. కానీ రెడ్ హిల్ కనపడగానే "ఇంత దూరం వచ్చాం, పైకి కూడా వెళ్లొద్దామా" అని ఎవరో ఒకరు అననే అంటారు. ఆ కొండ ఎత్తు వంద మీటర్లు కూడా లేదు. ఎక్కేటప్పుడు ఎవరికీ ఏమీ కాదు. దిగేటప్పుడే సంగతి తెలుస్తుంది. అక్కడిది చెర్ట్ అనే ఎర్ర రాయి. ఒకప్పుడు సముద్రం అడుగున రేడియోలేరియా అనే సూక్ష్మజీవుల గుల్లలు పేరుకుని అలా గట్టిపడింది. పగిలిన ముక్కలు దారంతా పరుచుకుని కాలి కింద గోలీల్లా దొర్లుతాయి. షూ వేసుకోండి. దిగేటప్పుడు పాదం కొంచెం అడ్డంగా పెట్టి చిన్న అడుగులు వేయండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే కొండ జోలికి పోకుండా కిందే చుట్టి వస్తే సరి.

అపోహ: "పాములుంటాయి, పిల్లల్ని తీసుకెళ్లకూడదు."

ఉంటాయి. దారి మధ్యలో నడిస్తే వాటి మానాన అవి పోతాయి. ఎక్కువగా కనపడేది విషం లేని గోఫర్ పాము. కంగారు పడితే తల వెడల్పు చేసి తోక ఆడిస్తుంది, అచ్చం విషమున్న రాటిల్‌ స్నేక్‌లా. ఏది ఏదో తేల్చుకోవాలని దగ్గరికి వెళ్లకండి, రెండింటికీ దూరం ఒకటే పాటించండి.

అపోహ: "ఆకులు ముట్టుకుంటే ఏమవుతుంది?"

నేను ఎక్కువ సమయం మాట్లాడేది దీని గురించే. ఇక్కడ పాయిజన్ ఓక్ అనే మొక్క ఉంది. ఒక్కో కాడకి మూడు ఆకులు. వేసవి చివర్లో ఎర్రగా మారి ముచ్చటగా ఉంటుంది. ఒక సెప్టెంబరులో మా పిన్ని "ఎంత బాగుందో చూడవే" అని ఒక రెమ్మ తుంచి, ఫొటో కోసం చెంపకి ఆనించుకుంది. నేను పది అడుగుల వెనక ఉన్నాను, అరిచేలోపే అయిపోయింది. మర్నాడు సాయంత్రానికి చెంప, మణికట్టు ఎర్రబడి నీటి పొక్కులు లేచాయి. అద్దంలో చూసుకుని "జీడి పొక్కినట్టుందే" అంది. చిన్నప్పుడు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి రసం తగిలి ఇలాగే పొక్కిందట.

పిన్ని చెప్పింది అక్షరాలా నిజం. నల్లజీడి, జీడిమామిడి, మామిడి, పాయిజన్ ఓక్ అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. పాయిజన్ ఓక్ నూనెలో ఉండే పదార్థం పేరు ఉరుషియాల్. మామిడి సొన పడనివాళ్లు దీని దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తగిలిందనిపిస్తే వెంటనే సబ్బు, చల్లటి నీళ్లతో కడగాలి. షూ లేసులు, ఫోను, కుక్క బొచ్చు మీద కూడా ఆ నూనె అంటుకునే ఉంటుంది. పొక్కుల్లో నీరు తగిలితే పక్కవాళ్లకి అంటుకుంటుందన్నది మాత్రం తప్పు. అంటించేది ఆ నూనే. చలికాలంలో ఆకులు రాలి ఉత్త పుల్లలే మిగులుతాయి, వాటిలోనూ ఉంటుంది.

అపోహ: "పిడుదులు చెట్ల మీంచి దూకుతాయి."

దూకవు, ఎగరవు. గడ్డి కొసల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, రాసుకుంటూ వెళ్లేవాళ్లని పట్టుకుంటాయి. ఇక్కడ వానలు పడే చలికాలం, వసంతం వాటి సీజను. ఇంటికొచ్చాక మోకాలి వెనక, నడుము దగ్గర, పిల్లల జుట్టు కింద చూడండి. పట్టుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగేయాలి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దు.

అపోహ: "చిత్తడి నేల అంటే మురికి కుంట, ఆ ఎర్ర నీళ్లు ఫ్యాక్టరీవి."

ఆ కంపు గాలి ఆడని బురదలో బ్యాక్టీరియా చేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, మురుగుది కాదు. కాలిబాటకి రెండు వైపులా కనపడేవి మన కొల్లేరులోలాంటి జమ్ము, తుంగ. ఇక్కడి ఆదివాసులైన ఒలోనీలు ఈ తుంగనే కట్టలు కట్టి పడవలు చేసుకునేవారు. సందర్శకుల కేంద్రంలో అడిగితే చెప్తారు. పడమటి వైపు గులాబీ, ఎరుపు రంగుల్లో కనపడేవి ఉప్పు మళ్లు. నీటిలో ఉప్పు చిక్కబడేకొద్దీ దాన్ని తట్టుకునే సూక్ష్మజీవులు మారి, వాటితోపాటు రంగూ మారుతుంది. 2003లో ఈ మళ్లలో 15 వేల ఎకరాలకి పైగా ప్రభుత్వం కొన్నది. వాటిలో చాలా భాగాన్ని మళ్లీ చిత్తడి నేలగా మారుస్తున్నారు.

అపోహ: "బాతులకి నాలుగు మరమరాలు వేస్తే పుణ్యం."

పెద్దవాళ్లకి ఇది చెప్పడం నాకు ఇబ్బందే. కానీ పార్కు నిబంధన ఒప్పుకోదు, వాటి ఒంటికీ పడదు. బైనాక్యులర్స్ వాళ్ల చేతికిస్తే మరమరాల సంగతి మర్చిపోతారు.

అపోహ: "చల్లగా ఉంది, ఎండ దెబ్బ తగలదు."

దారి పొడుగునా నీడ లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం వైపు నుంచి చల్లటి గాలి కొడుతుంది, అందుకే ఒళ్లు కాలుతున్నట్టు తెలియదు. దాహమూ వేయదు. సాయంత్రం ముఖం మండితే అప్పుడు తెలుస్తుంది. టోపీకి తాడు ఉండాలి, లేకపోతే అది ఉప్పు మడిలో తేలుతుంది. ఒక్కొక్కరికి లీటరు నీళ్లు, ఒక పల్చటి జాకెట్ పెట్టుకోండి. పొద్దున్నే వచ్చి గాలి లేవకముందే పడమటి వైపు ముగించేయండి. కొండలు పచ్చగా, మడుగు నిండా వలస బాతులతో చూడాలంటే మాత్రం అమ్మానాన్నల టికెట్ జనవరి, ఫిబ్రవరిలో వేయించాలి.