"థ్రెడ్ సేఫ్" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు: లినక్స్ కెర్నెల్ లాకింగ్ మీద అపోహలు, వాస్తవాలు

పోయిన వారం రేణిగుంట వైపు పనిచేసే ఒక తమ్ముడు రాత్రి పదకొండుకి ఫోన్ చేసినాడు. "అన్నా, ఆ ఫంక్షన్ పైన థ్రెడ్ సేఫ్ అని రాసుండాది, అది చూసే ఇంటరప్ట్ హ్యాండ్లర్లో పిలిచినా, ఇప్పుడు బోర్డు బిగుసుకుపోతా ఉంది, కన్సోల్ కూడా రావడంల్యా, ఎల్లుండి డెమో" అన్నాడు. గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. తిరుపతిలో శని, ఆదివారాలు పిల్లలకి డ్రైవర్లు రాయడం నేర్పిస్తా ఉంటాను కాబట్టి ఈ కథ నాకు నెలకొకసారన్నా వస్తుంది. అందుకే కూర్చుని రాసేస్తున్నా. కొత్తవాళ్ళకి ముందే చెప్తా: కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఇంటరప్ట్ హ్యాండ్లర్ అంటే హార్డ్‌వేర్ పిలవగానే నడిచే పని ఆపి మధ్యలో నడిచే కోడ్, లాక్ అంటే ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి ముట్టకుండా వేసే తాళం.

అపోహ: లోపల లాక్ ఉంది, పైన "థ్రెడ్ సేఫ్" అని కామెంట్ ఉంది, ఇంక యాడనుంచైనా పిలవచ్చు.

కాదు. జనాలకి నిద్ర లేకుండా చేసేది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తా. మామూలు ప్రోగ్రాములు నడిచే యూజర్ స్పేస్‌లో ఆ మాటకి ఒక అర్థం ఉంది, మాన్ పేజీల్లో ఎంటీ-సేఫ్ అని టేబుల్ ఉంటుంది, పది థ్రెడ్లు ఒకేసారి పిలిచినా డేటా చెడిపోదు అని. కెర్నెల్‌లో ఉండేది థ్రెడ్లు మాత్రమే కాదు కదా. హార్డ్ ఇంటరప్ట్ వచ్చిందంటే అది పక్కన నడిచే ఇంకో థ్రెడ్ కాదు, నడుస్తా ఉన్న కోడ్ నెత్తి మీదే వచ్చి కూర్చుంటుంది, అది లేచిపోయేదాకా కిందోడు కదలడు. ఇప్పుడు కిందోడి చేతిలో స్పిన్ లాక్ (దొరికేదాకా అక్కడే తిరుగుతా కాచుకునే లాక్) ఉంది, పైనోడికీ అదే లాక్ కావాల. కిందోడు వదిలేదాకా పైనోడు తిరుగుతానే ఉంటాడు, పైనోడు పోయేదాకా కిందోడు వదల్లేడు. ఆ సీపీయూ అంతటితో అయిపోయింది. థ్రెడ్ల మధ్య ఆ లాక్ కరెక్టే, కామెంట్ కూడా అబద్ధం కాదు, కానీ బోర్డు మాత్రం చచ్చింది.

నాకిది పుస్తకం చదివి తెలిసింది కాదు. ముందు పనిచేసిన చోట ఒక కౌంటర్ అప్‌డేట్ ఫంక్షన్ రాసి, మామూలు స్పిన్ లాక్ పెట్టి, పైన "థ్రెడ్ సేఫ్" అని రాసింది నేనే. తర్వాత టీమ్‌లోకి వచ్చిన అబ్బాయి ఆ మాట నమ్మి దాన్ని ఇంటరప్ట్‌లో పిలిచినాడు, వాడి తప్పేం లేదు. పాత బోర్డు సింగిల్ కోర్. ఆ బిల్డ్‌లో స్పిన్ లాక్ అంటే ప్రీఎంప్షన్ (నడిచే పనిని మధ్యలో ఆపి సీపీయూ ఇంకోదానికి ఇవ్వడం) ఆపడం వరకే, తిరగడానికి అసలు లాకే ఉండదు, అందుకే హ్యాంగ్ రాలేదు, అప్పుడప్పుడు లెక్క తప్పేది, మేమేమో సెన్సార్ మీద అనుమానపడినాం. నాలుగు కోర్ల బోర్డుకి మారినాక రెండు మూడు రోజులకొకసారి బిగుసుకుపోవడం మొదలైంది. మూడు వారాలు తిరిగినాం. చివరికి లాక్‌డెప్ (లాక్‌ల వాడకంలో తప్పుల్ని పట్టే కెర్నెల్ లోపలి చెకర్) ఆన్ చేస్తే కాసేపట్లో చెప్పేసింది, ఒకే లాక్‌ని ఒకచోట ఇంటరప్ట్‌లు ఆన్‌లో ఉండగా, ఇంకోచోట ఇంటరప్ట్ లోపల తీస్తున్నారని. ఆ హ్యాంగ్ వచ్చేదాకా కూడా దానికి అక్కర్లేదు, ఆ రెండూ విడివిడిగా ఒక్కోసారి జరిగితే చాలు. ప్రాసెస్ వైపు, అంటే ఇంటరప్ట్ కాని మామూలు కోడ్‌లో, పట్టుకున్నంతసేపు ఆ సీపీయూలో ఇంటరప్ట్‌లు ఆపే ఐఆర్‌క్యూసేవ్ రకం లాక్‌కి మార్చడమే మందు. మూడు వారాలకి మందు నాలుగు లైన్లు.

మరి ఏం రాయాలంటే, ఫంక్షన్ల పైన కామెంట్లు రాసే పద్ధతి అయిన కెర్నెల్-డాక్‌లో "కాంటెక్స్ట్" అని ఒక సెక్షన్ దీనికోసమే ఉంది. దీన్ని ఏ కాంటెక్స్ట్ (ప్రాసెస్సా, ఇంటరప్టా) నుంచి పిలవచ్చు, నిద్రపోతుందా, అంటే సీపీయూ వదిలేసి కాచుకుంటుందా, పిలిచేవాడు ఏ లాక్ పట్టుకుని రావాలి, ఏది పట్టుకుని రాకూడదు, లోపల ఏది తీసి ఏది వదుల్తుంది. "ప్రాసెస్ కాంటెక్స్ట్ మాత్రమే, నిద్రపోవచ్చు, ఫలానా మ్యూటెక్స్ తీసి వదుల్తుంది" అని ఒక్క లైన్ చాలు (మ్యూటెక్స్ అంటే దొరక్కపోతే నిద్రపోయి కాచుకునే లాక్). మెమరీ వదిలే వీఫ్రీ ఫంక్షన్ పైన చూడండి, ఇంటరప్ట్ కాకుండా పిలిస్తే నిద్రపోవచ్చు, ఎన్ఎంఐలో (ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్) అసలు పిలవకూడదు అని విడమరిచి రాసినారు.

అపోహ: లాక్‌డెప్ ఉంది కదా, ఇంక రాసేదెందుకు.

లాక్‌డెప్ 2006లో కెర్నెల్ 2.6.18తో వచ్చింది, కెర్నెల్ డెవలపర్ ఇంగో మోల్నార్ చలవ, నాకు దానిమీద చాలా గౌరవం. కానీ అది నడిచిన దారినే చూస్తుంది, నీ టెస్టు ఎప్పుడూ పోని ఎర్రర్ పాత్ దానికి కనపడదు. రెండూ కావాలి. "ఈ లాక్ పట్టుకునే రావాలి" అని కామెంట్ రాసి, కింద ఆ లాక్ నిజంగా పట్టుకున్నారా అని చూసే లాక్‌డెప్ అసర్ట్ హెల్డ్ కూడా పెట్టండి, నిద్రపోయే ఫంక్షన్ అయితే మొదట్లోనే, నిద్రపోకూడని చోట పిలిస్తే హెచ్చరించే మైట్ స్లీప్ పెట్టండి. కామెంట్ పాతబడినా అసర్ట్ అరుస్తుంది.

లాక్‌ల వరస కూడా ఫైల్ మొదట్లో రాసి పెట్టాలి, మెమరీ కోడ్‌లో ఆర్‌మ్యాప్ ఫైల్ పైన అట్లా రాసినారు. మన కొండకి ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగేది వేరు, అందుకే మలుపులో రెండు బస్సులు ఎదురుబొదురు నిలబడిపోవు. లాక్‌లు కూడా అందరూ ఒకే వరసలో తీసుకుంటే ఒకరికొకరు అడ్డం పడరు.

మిగిలినవి గబగబా. సీ భాషలో వేరియబుల్‌కి వోలటైల్ అని పెడితే లాక్ అక్కర్లేదంటారు, తప్పు, ఆ మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు. కెర్నెల్‌లో పెద్ద లాక్ ఒకటుంది అదే చూసుకుంటుందని ఇంకా కొంతమంది ఇంటర్వ్యూల్లో చెప్తా ఉన్నారు, ఆ బిగ్ కెర్నెల్ లాక్ 2011లో 2.6.39తోనే పోయింది. స్పిన్ లాక్ ఎప్పుడూ నిద్రపోదు అనేది కూడా పూర్తి నిజం కాదు, 2024లో 6.12తో మెయిన్‌లైన్‌లో (అసలు కెర్నెల్‌లో) పూర్తయిన ప్రీఎంప్ట్ ఆర్‌టీ, అంటే రియల్ టైమ్ కెర్నెల్, కింద మామూలు స్పిన్ లాక్ నిద్రపోగలదు.

ఇంకొకటి, భయపడేవాళ్ళకి. "స్లీపింగ్ ఫంక్షన్ కాల్డ్ ఫ్రం ఇన్‌వ్యాలిడ్ కాంటెక్స్ట్" అని లాగ్‌లో వస్తే చేతులు వణికిపోయి ఆ హెచ్చరిక ఇచ్చే కాన్ఫిగ్‌నే ఆపేసేవాళ్ళని చూసినా. ఆపొద్దమ్మా. కస్టమర్ దగ్గర రావాల్సింది నీ టేబుల్ మీద వచ్చింది. కింద ఉన్న కాల్ ట్రేస్ నిదానంగా చదువు, స్పిన్ లాక్ పట్టుకుని ఎవరో జీఎఫ్‌పీ కెర్నెల్‌తో (నిద్రపోవచ్చు అని చెప్పే ఫ్లాగ్) మెమరీ అడిగుంటారు, చాలాసార్లు అదే.

ఆ రేణిగుంట తమ్ముడితో ఆ రాత్రే లాక్ తీసే నాలుగు చోట్లా మార్పించినా, డెమో అయింది. నిన్న "థ్రెడ్ సేఫ్" అన్న లైన్ తీసేసి కొత్త కామెంట్ రాసి పంపినాడు, ఏ కాంటెక్స్ట్ నుంచైనా పిలవచ్చు, ఐఆర్‌క్యూసేవ్‌తో స్టాట్స్ లాక్ తీసి వదుల్తుంది అని. ఎన్ఎంఐ సంగతి మర్చిపోయినాడు, ఐఆర్‌క్యూసేవ్ దాన్ని ఆపలేదు కాబట్టి ఆ ముక్క కలిపి మళ్ళీ పంపమన్నా.