జోనా లోము: రగ్బీలో జీతాలకు ముందు, తర్వాత

ఇవాళ 18 ఏళ్ల రగ్బీ యూనియన్ కుర్రాడు క్లబ్‌తో కాంట్రాక్ట్ కుదుర్చుకుంటే ఎవరూ వింతగా చూడరు. 1995 ఆగస్టు దాకా అదే సంతకం అతని ఆటకు ఎసరు పెట్టేది, ఎందుకంటే యూనియన్‌లో ఆడినందుకు డబ్బు తీసుకోకూడదు.

ఈ డబ్బు గొడవ మొదలైంది ఉత్తర ఇంగ్లండ్‌లో. అక్కడి జట్లలో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు చాలామంది. శనివారం మ్యాచ్‌కు వెళితే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి కట్టిస్తామని క్లబ్బులు అంటే, ఆటను నడిపే పెద్దలు ససేమిరా అన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు వేరుకుంపటి పెట్టుకున్నాయి. అదే తర్వాత రగ్బీ లీగ్ అనే వేరే ఆట అయింది. యూనియన్ మాత్రం డబ్బు ముట్టకూడదన్న నియమాన్ని పట్టుకుని కూర్చుంది. లీగ్‌లో డబ్బు తీసుకుని ఆడినవాడు మళ్లీ యూనియన్ గడప తొక్కడానికి వీల్లేదు. పూట గడవడానికి లోటు లేనివాళ్లు పెట్టిన నియమం అది. దాని బరువు మోసింది మాత్రం కష్టజీవుల పిల్లలే.

జోనా లోము అలాంటి ఇంటివాడే. టోంగా నుంచి వలస వచ్చిన దంపతులకు 1975లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో పుట్టాడు. బడిలో ఫార్వర్డ్‌గా, అంటే బంతి కోసం ముందు పెనుగులాడేవాడిగా ఆడినవాణ్ని తర్వాత వింగ్‌లోకి, అంటే మైదానం అంచున పరిగెత్తే చోటుకి మార్చారు. 1994 జూన్‌లో ఫ్రాన్స్ మీద బరిలోకి దిగేనాటికి వయసు 19 ఏళ్ల 45 రోజులు. న్యూజిలాండ్ తరఫున అంత చిన్న వయసులో అప్పటిదాకా ఎవరూ టెస్టు (దేశాల మధ్య మ్యాచ్) ఆడలేదు. కానీ ఆ రెండు టెస్టులూ జట్టు ఓడిపోయింది. వింగ్‌లో ఎప్పుడు ఎక్కడ నిలబడాలో ఇంకా ఒంటబట్టని కుర్రాణ్ని ఫ్రెంచివాళ్లు బాగా ఇబ్బంది పెట్టారు. టెస్టు అనుభవమంతా ఆ రెండు మ్యాచ్‌లే. దానితోనే 1995 ప్రపంచకప్‌కు వెళ్లాడు.

జూన్ 18, కేప్‌టౌన్, ఇంగ్లండ్‌తో సెమీఫైనల్. ఆట మొదలైన కాసేపటికే ఎడమ అంచున బంతి దొరికింది. మనిషి 6 అడుగుల 5 అంగుళాలు, బరువు దాదాపు 120 కిలోలు. ఇంగ్లండ్ ఆటగాడు టోనీ అండర్‌వుడ్‌ను దాటేశాడు. వెనక నుంచి ఇంగ్లండ్ కెప్టెన్ విల్ కార్లింగ్ చెయ్యి తగిలి తూలాడు. ఎదురుగా మిగిలింది మైక్ క్యాట్ ఒక్కడే. అతన్ని తొక్కుకుంటూ వెళ్లి బంతిని గీత అవతల పెట్టాడు. దీన్నే ట్రై అంటారు. ఆ మ్యాచ్‌లో నాలుగు ట్రైలు, టోర్నీ మొత్తంలో ఏడు. ఫైనల్లో దక్షిణాఫ్రికా అతన్ని ఒక్క ట్రై కూడా చేయనివ్వలేదు, 15-12తో కప్పు గెలుచుకుంది.

ఆ ఫైనల్‌కు ముందు రోజే న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా రగ్బీ బోర్డులు రూపర్ట్ మర్డోక్ మీడియా సంస్థ న్యూస్ కార్పొరేషన్‌తో ఒప్పందం ప్రకటించాయి. పదేళ్ల ప్రసార హక్కులకు 55 కోట్ల డాలర్లకు పైనే. లోము ట్రైల వల్లే ఆ బేరం కుదిరిందని చెప్పలేం, చర్చలు అంతకుముందు నుంచే నడుస్తున్నాయి. అయితే టీవీవాళ్లు కొంటున్న సరుకు ఏమిటో లోకానికి చూపించింది అతనే. అలా చూపించినప్పుడు అతనికి అధికారికంగా జీతమే లేదు.

ఆగస్టు 26న ప్యారిస్‌లో అంతర్జాతీయ రగ్బీ బోర్డు డబ్బు ముట్టకూడదన్న ఆ పాత నియమాన్ని ఎత్తేసింది. హడర్స్‌ఫీల్డ్ సమావేశానికి నూరేళ్లు నిండడానికి ఇంకా మూడు రోజులుంది. లీగ్ క్లబ్బులు కన్నేసినా లోము యూనియన్‌లోనే ఉండిపోయాడు. 1996లో ఆ మూడు దేశాల జట్ల మధ్య సూపర్ 12 టోర్నీ మొదలయ్యాక ఆక్లాండ్ బ్లూస్ జట్టుకు ఆడాడు. అయితే కాంట్రాక్టుల కాలం మొదలై ఏడాదిన్నర తిరక్కుండానే అతనికి కిడ్నీ జబ్బు బయటపడింది. చికిత్స కోసం 1997లో చాలాకాలం ఆటకు దూరమయ్యాడు. తిరిగొచ్చి, 1999 ప్రపంచకప్‌లో ఎనిమిది ట్రైలు చేశాడు.