కీలుబొమ్మ చక్రవర్తి చేతగానివాడా?

ఈ సెమిస్టర్‌లోనూ అదే వాక్యం: "చైనాలో హాన్ వంశపు ఆఖరి చక్రవర్తి షియాన్ చేతగానివాడు కాబట్టి సేనాని త్సావ్ త్సావ్ చేతిలో కీలుబొమ్మ అయ్యాడు." జవాబుపత్రాల కట్ట విప్పితే సగం వాటిలో ఇదే. మార్కులు ఎక్కువగా పోయేదీ ఇక్కడే. ఈ ముక్క నమ్మినవాళ్లు ఆ తర్వాత రాసే కారణాలన్నీ తలకిందులవుతాయి.

పేర్లు కలగాపులగం అవుతున్నాయని బెంగపడే పిల్లలకు ముందో మాట. షియాన్ అన్నది పోయాక ఇచ్చిన బిరుదు, అసలు పేరు లియూ షియే. ఏది రాసినా తప్పు కాదు, కంగారుపడకండి.

క్రీ.శ. 189లో అంతఃపుర నపుంసకుల ఊచకోత జరిగాక సేనాని డోంగ్ జువో సేనతో ఎదురొచ్చినప్పుడు, అప్పటి చక్రవర్తి అయిన అన్న లియూ బియాన్ ఏడుపు ఆపుకోలేక తడబడ్డాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది 8 ఏళ్ల తమ్ముడు షియే. డోంగ్ జువో అన్నను దించి ఇతన్నే గద్దె ఎక్కించాడు.

194లో అప్పటి రాజధాని చాంగాన్‌లో కరువు. షియే ధాన్యాగారం తెరిచి జనానికి గంజి పోయమన్నాడు. పోస్తున్నారన్నారు గానీ చావులు ఆగలేదు. అనుమానమొచ్చి బియ్యం, గింజలు కొలిపించి, తన కళ్లెదుటే గంజి కాయించాడు. మధ్యలో ఎవరో మింగుతున్నారని తేలిపోయింది. బాధ్యుడైన అధికారికి 50 దెబ్బలు. అప్పటికి ఈ కుర్రాడికి 13 ఏళ్లు, నగరమేమో లీ జుయే, గువో సి అనే సేనానుల గుప్పిట్లో ఉంది. తెలివికి లోటు లేదు. లేనిది సైన్యం.

సరే, అంత పనికిమాలినవాడైతే త్సావ్ త్సావ్ 196లో వెతుక్కుంటూ వెళ్లి షూ నగరానికి తెచ్చుకుని, చచ్చేదాకా 24 ఏళ్లు ఎందుకు పోషించినట్టు? ముద్ర ఈయనది కాబట్టి. ఆ ముద్ర పడితే త్సావ్ త్సావ్ యుద్ధం రాజాజ్ఞ అవుతుంది, ఎదిరించినవాడు ద్రోహి అవుతాడు. అతని ప్రత్యర్థి సేనాని యువాన్ షావ్‌కి ఇదే సలహా ముందే అందింది, చెవిన పెట్టలేదు.

పోనీ, షియే ఊరుకున్నాడా? త్సావ్ త్సావ్‌ను చంపమని నడికట్టులో దాచి పంపిన ఆజ్ఞ 200లో బయటపడి, దాన్ని అందుకున్న సేనాని డోంగ్ చెంగ్ తల తెగింది. అతని కూతురు చక్రవర్తి భార్య, గర్భవతి. ఆమెను వదలమని చక్రవర్తి ఎంత బతిమాలినా త్సావ్ త్సావ్ వినలేదు. 214లో ఫు షౌ మహారాణి త్సావ్ త్సావ్‌ను తొలగించమని తండ్రికి రాసిన పాత ఉత్తరం దొరికింది. ఆమెను భర్త కళ్లముందే ఈడ్చుకెళ్లారు, ఆమె ఇద్దరు కొడుకులకు విషమిచ్చారు. ఇది చదివాక కూడా "చేతగానివాడు" అని రాసే చేతిని ఏమనాలి?

మిగతావి చకచకా. త్సావ్ త్సావ్ చక్రవర్తి కాలేదు, 216లో వెయ్ రాజయ్యాడంతే. కీలుబొమ్మలు కిక్కురుమనరన్నదీ తప్పే. తర్వాత గద్దెనెక్కిన త్సావ్ వంశానికే ఆ గతి పట్టినప్పుడు, 260లో చక్రవర్తి త్సావ్ మావ్ నౌకర్లను వెంటేసుకుని, కత్తి పట్టి, పెత్తనం చేస్తున్న సిమా జావ్ మీదికి బయల్దేరి దారిలోనే పొడిపించుకున్నాడు.

ఇక "220లో షియాన్‌ను చంపేశారు" అనే పుకారు. 1,800 ఏళ్లుగా చావలేదు. త్సావ్ త్సావ్ కొడుకు త్సావ్ పీ గద్దె లాక్కున్నాడు గానీ ప్రాణం తీయలేదు, షాన్‌యాంగ్ డ్యూక్‌ని చేసి పంపాడు. అటు త్సావ్‌ల ప్రత్యర్థి లియూ బే మాత్రం పుకారు నమ్మి సంతాపం పాటించి, బిరుదూ ఇచ్చి, 221లో తానే చక్రవర్తినన్నాడు. షియే ఇంకో 14 ఏళ్లు బతికి 234లో పోయాడు.

ఎమ్మేలో నేనూ "220లో హత్య" అనే రాశాను. మా మాస్టారు ఎర్రసిరాతో పక్కనే రాశారు: "బతికున్నవాడికి పిండం పెట్టావు. లియూ బే తాలూకానా?"