ఏఐ కాలంలో అసైన్‌మెంట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏఐ రాతను పట్టే డిటెక్టర్‌లో అసైన్‌మెంట్‌ను పెడితే విద్యార్థి రాశాడో, ఏఐ రాసిందో తేలిపోతుంది.

తేలదు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక డిటెక్టర్ తెచ్చింది. ఏఐ రాతల్లో అది పట్టుకున్నది 26 శాతమే. పైగా మనుషులు రాసినవాటిలో 9 శాతం ఏఐవే అంది. కచ్చితత్వం లేదని జులైలో దాన్ని తీసేశారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) వ్యాసాలను 7 డిటెక్టర్లకు ఇస్తే, సగటున సగానికి పైగా వ్యాసాలకు ఏఐ ముద్ర పడింది. తెలిసిన కొద్ది మాటలతో, సాదా వాక్యాలతో రాస్తే డిటెక్టర్‌కు అది యంత్రం రాతలాగే కనిపిస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల ఇంగ్లిష్ అలాగే ఉంటుంది. ఆ స్కోరు చూసి మార్కులు కోయడం అన్యాయం.

అపోహ: చేత్తో రాయిస్తే చాలు.

ఫోన్‌లో చూసి కాగితం మీదికి ఎక్కిస్తారు, అంతే.

అపోహ: హైదరాబాద్ మీద ప్రశ్న ఇస్తే ఏఐ చేతులెత్తేస్తుంది.

మెట్రో అన్నా, హుస్సేన్ సాగర్ అన్నా నమ్మేలా రాసిపెడుతుంది, లేని లెక్కలు కూడా పుట్టిస్తుంది. ప్రశ్నలో ఊరి పేరు ఉంటే లాభం లేదు, విద్యార్థి స్వయంగా తెచ్చిన ఆధారం ఉండాలి. డీబీఎంఎస్ (డేటాబేస్) సబ్జెక్టులో 'మూడో నార్మల్ ఫారం (టేబుళ్లను విడగొట్టే ఒక నియమం) వివరించండి' అని ఇవ్వడం మానేసి ఇలా ఇవ్వండి: మీ గల్లీలో కిరాణా కొట్టుకు వెళ్లి, యజమానిని అడిగి ఉద్దెర పుస్తకంలో 20 పద్దులు రాసుకోవాలి (కస్టమర్ల పేర్లు, నంబర్లు మార్చాలి). వాటిని టేబుళ్లుగా విడగొట్టి, ఏ కాలమ్ ఎందుకు వేరు చేశారో రాయాలి. ఏఐ సాయం తీసుకున్నా పర్వాలేదు. ఎందుకంటే అసలు పరీక్ష వైవాలో (నోటి పరీక్షలో) ఉంది: 'రేపు బియ్యం ధర పెరిగిందనుకోండి. మీ డిజైన్‌లో పోయిన వారం పద్దు ఏమవుతుంది?' ధరను సరుకుల టేబుల్‌లో మాత్రమే ఉంచినవాళ్లకు పాత బాకీలన్నీ మారిపోతాయి. అమ్మిన రోజు ధర ఆ పద్దులోనే ఎందుకు ఉండాలో తన టేబుళ్లు తనకు అర్థమైన విద్యార్థి అక్కడికక్కడే చెప్పగలడు.

అపోహ: 60 మంది క్లాసుకు వైవా కుదరదు.

మనిషికి 4 నిమిషాలు చాలు. ఒక ల్యాబ్ పీరియడ్‌లో 15 మందిని గంటలో ముగించవచ్చు, మిగతావాళ్లు ల్యాబ్ పని చేసుకుంటూ ఉంటారు. నాలుగు ల్యాబ్‌లలో క్లాసంతా అయిపోతుంది. జేఎన్‌టీయూహెచ్ ఆర్22 (2022 బ్యాచ్ నుంచి వచ్చిన) నిబంధనల్లో అసైన్‌మెంట్‌కు 5, వైవా లేదా పోస్టర్ వంటివాటికి 5 మార్కులు ఎలాగూ ఉన్నాయి. రెండింటినీ ఒకే పనికి ముడిపెడితే అదనపు భారం పెద్దగా ఉండదు. రెండే ప్రశ్నలు అడగండి: ఒకటి వాళ్ల కాగితం మీద, రెండోది పైన బియ్యం ధరలా షరతు మార్చి. ఆ రెండో ప్రశ్నకు కనీసం 8 రకాలు సిద్ధం చేసుకోండి, లేకపోతే మొదట వెళ్లొచ్చినవాళ్లు బయట చెప్పేస్తారు. మార్కు అప్పుడే వేసి, ఎందుకో ఒక్క వాక్యం రాసి విద్యార్థితో సంతకం పెట్టించుకోండి.

జవాబు తెలుగులోనో ఉర్దూలోనో చెప్పనివ్వండి. ప్రైమరీ కీ, ఫారిన్ కీ లాంటి డేటాబేస్ మాటలు ఎలాగూ ఇంగ్లిష్‌లోనే వస్తాయి. భాషకు జంకి, తెలిసిన జవాబు కూడా చెప్పలేక మార్కు పోగొట్టుకునే విద్యార్థి ప్రతి బ్యాచ్‌లో ఉంటాడు.