‘చింతిస్తున్నాం’ వెనక కథ

ఈ మధ్య ఒక సాయంత్రం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా ఆఫీసు యాప్ మొరాయించింది. జనం డబ్బులు కట్ అయ్యాయి, ఆర్డర్లు మాత్రం పడలేదు. కస్టమర్లకు పంపే మెసేజ్ తెలుగులో రాసే పని నా మీద పడితే "పొరపాటు మాదే, క్షమించండి" అని రాశా, కన్నడ రాసినాయన కూడా ‘క్షమిసి’ అనే పెట్టాడు. లీగల్ వాళ్లు రెండూ కొట్టేసి "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" చాలన్నారు, అదే, రైల్వే స్టేషన్లో వినపడేది. హిందూపురంలో అమ్మకీ వెళ్లిందా మెసేజ్. ఫోన్ చేసి "ఇంతకీ తప్పెవరిదంటరా?" అంది.

ఈ జంకు మన దగ్గర పుట్టింది కాదు. సారీ చెప్తే కోర్టులో అదే సాక్ష్యమవుతుందని అమెరికా లాయర్ల టెన్షన్. కాలిఫోర్నియా 2000లో చేసిన చట్టం ప్రకారం, ప్రమాదం తర్వాత "అయ్యో, మీకిలా జరిగిందే" అనే సానుభూతిని బాధ్యతకు రుజువుగా చూపకూడదు, "తప్పు నాది" అంటే మాత్రం చూపొచ్చు.

పీఆర్, అంటే కంపెనీల పరువు చూసుకునే పని, చదివినవాళ్లందరికీ నేర్పే పాఠం 1982 నాటి టైలెనాల్ నొప్పి మాత్రల ఉదంతం. చికాగో చుట్టుపక్కల ఎవరో క్యాప్సూళ్లలో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు, జాన్సన్ అండ్ జాన్సన్ సుమారు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తీసుకుంది. గొప్ప పనే, కాదనను. కానీ విషం కలిపింది కంపెనీ కాదు కదా, తప్పు ఒప్పుకోవాల్సిన అవసరమే వాళ్లకు రాలేదు.

జపాన్‌లో అలా కాదు. 1985 ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ 123 విమానం కూలి 520 మంది పోయారు. దాని తోక దగ్గర 1978లో మరమ్మతు సరిగా చేయనిది బోయింగ్ మనుషులు, అయినా సంతాప సభలో బంధువుల ముందు నడుం వంచింది ఎయిర్‌లైన్స్ అధ్యక్షుడు యసుమోతో తకాగి, ఆ తర్వాత చనిపోయినవాళ్ల పేర్లు రాసిన చెక్క పలకల వైపు తిరిగి మళ్లీ వంగి, చివరికి పదవి కూడా వదులుకున్నాడు. దక్షిణ కొరియాలోనూ అంతే, 2014లో కూతురు విమానంలో గింజలు వడ్డించిన తీరు మీద రభస చేస్తే కొరియన్ ఎయిర్ ఛైర్మన్ చో యాంగ్-హో కెమెరాల ముందు తలవంచి, పిల్లను సరిగా పెంచలేకపోయానన్నాడు. ఇది మా అమ్మకు ఇట్టే అర్థమవుతుంది.

మన దేశానికొస్తే, 2003లో క్యాడ్‌బరీ చాక్లెట్లలో పురుగులు కనబడ్డాక, కొన్ని నెలలకు టీవీలో నచ్చజెప్పడానికి వచ్చింది కంపెనీ ఎండీ కాదు, అమితాబ్ బచ్చన్. పంచాయితీకి ఊరి పెద్దను పిలుచుకొచ్చినట్టు.

మా మెసేజ్ కింద అసలు మనిషి పేరే లేదు, ‘మీ టీమ్’ అని ఉంది. మా ఫౌండర్‌తో నిమిషం వీడియో చేయిద్దామని అడిగా. అది ఇంకా లీగల్ దగ్గరే ఉంది.